నీటి మెంబ్రేన్లు ఎందుకు మూసుకుపోతాయి, నానోకణాలు అందులో ఏం చేస్తాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

నీటిని శుద్ధి చేయడానికి వాడే పలచని వడపోత పొరే మెంబ్రేన్. ఊళ్ళో వాటర్ ప్లాంటు నడిపేవాళ్ళు, ఇంట్లో ఆర్వో (రివర్స్ ఆస్మాసిస్) మెషిన్ ఉన్నవాళ్ళు, ఈ అంశం మీద ప్రాజెక్టు చేస్తున్న ఇంజనీరింగ్ విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. అన్నీ వరసగా చదవక్కర్లేదు. నానోకణాల సంగతి మాత్రమే కావాలనుకునేవాళ్ళు కూడా మొదటి మూడు జవాబులు చూసి ముందుకు వెళ్తే మంచిది. అవి తెలియకపోతే మిగతావి సగమే అర్థమవుతాయి.

మెంబ్రేన్ ఫౌలింగ్ అంటే ఏమిటి?

నీటిలోని మట్టి, లవణాలు, కుళ్ళిన ఆకుల నుంచి వచ్చే సేంద్రియ పదార్థాలు, సూక్ష్మజీవులు మెంబ్రేన్ మీద గానీ దాని రంధ్రాల్లో గానీ పేరుకుపోయి నీటి దారికి అడ్డుపడటమే ఫౌలింగ్. పంపు అదే, బోరు అదే, అయినా మంచినీటి ధార రోజురోజుకీ సన్నబడుతుంది. పాత ధార కావాలంటే ప్రెషర్ పెంచాలి. ప్రెషర్‌తో పాటు కరెంటు బిల్లూ పెరుగుతుంది.

పేరుకున్నదాంట్లో కొంత నీటితో జోరుగా కడిగితే పోతుంది. కొంత రసాయనాలతో కడిగితేనే వదులుతుంది. ఇంకొంత ఏం చేసినా వదలదు. మెంబ్రేన్ ఆయుష్షును తినేసేది ఈ మూడో రకమే. ఫౌలింగ్ అసలు రాని మెంబ్రేన్ ఇంతవరకూ ఎవరూ తయారు చేయలేదు. మన చేతిలో ఉన్నది దాన్ని ఆలస్యం చేయడం, వచ్చినప్పుడు తొందరగా గుర్తుపట్టడం.

అన్ని మెంబ్రేన్లూ ఒకేలా మూసుకుపోతాయా?

లేదు, రంధ్రం సైజును బట్టి కథ మారుతుంది. అల్ట్రాఫిల్ట్రేషన్ పొరలో రంధ్రాలు సుమారు 0.01 నుంచి 0.1 మైక్రాన్, అంటే 10 నుంచి 100 నానోమీటర్ల దాకా ఉంటాయి. మైక్రోఫిల్ట్రేషన్‌లో అంతకంటే పెద్దవి. నానోఫిల్ట్రేషన్‌లో ఒక నానోమీటర్ దగ్గర్లో ఉంటాయి. ఆర్వోలో రంధ్రాలని చెప్పుకోదగ్గవి లేవు. నీటి అణువులు పొరలోని పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) లోకి ఇంకి, మెల్లగా అవతలి వైపుకు చేరతాయి. అందుకే అల్ట్రాఫిల్ట్రేషన్‌లో మురికి రంధ్రాల లోపల కూడా ఇరుక్కుంటుంది, ఆర్వోలో మాత్రం పై ఉపరితలం మీదే పరుచుకుంటుంది.

ఆర్వో పొర ఎంత సున్నితమైందో ఇక్కడే చెప్పుకోవాలి. చేతికి గట్టిగా తగిలేది అడుగున ఉండే పాలిస్టర్ గుడ్డ. దాని మీద కొన్ని పదుల మైక్రాన్ల మందంలో పాలీసల్ఫోన్ అనే పాలిమర్, ఆ పైన కేవలం 100 నుంచి 200 నానోమీటర్ల పాలీఅమైడ్ అనే ఇంకో పాలిమర్. ఉప్పును ఆపేదంతా ఆ పలచని పైపొరే. ఫౌలింగ్ దెబ్బ, క్లోరిన్ దెబ్బ, తప్పుడు క్లీనింగ్ దెబ్బ అన్నీ దాని మీదే పడతాయి.

మెంబ్రేన్ మీద పేరుకునేది ఏమిటి?

స్థూలంగా నాలుగు రకాలు. మొదటిది బంకమట్టి, తుప్పు, సిలికా లాంటి సన్నని కణాలు. రెండోది హ్యూమిక్ ఆమ్లాలు (కుళ్ళిన ఆకుల నుంచి వచ్చేవి), ప్రోటీన్ల వంటి సేంద్రియ పదార్థం. మూడోది గార, అంటే కాల్షియం కార్బొనేట్, కాల్షియం సల్ఫేట్ వంటి లవణాలు నీటిలో ఇమడలేక స్ఫటికాలుగా గట్టిపడటం. నాలుగోది బయోఫిల్మ్.

గార ఎందుకు కడుతుందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ప్లాంటుకు ఎక్కిన నీటిలో 75 శాతాన్ని మంచినీరుగా తీస్తే, లోపలి లవణాలన్నీ మిగిలిన 25 శాతంలోకి చేరతాయి. అంటే రిజెక్ట్ నీళ్ళలో (మంచినీరు తీశాక బయటికి పోయే నీళ్ళలో) లవణాలు దాదాపు నాలుగు రెట్లు చిక్కబడతాయి. 50 శాతమే తీస్తే రెండు రెట్లతో ఆగుతుంది. నీళ్ళు వృథా అవుతున్నాయని వాల్వు తిప్పి రికవరీ (మంచినీరుగా తీసే శాతం) పెంచేవాళ్ళు ఈ లెక్క ముందు చూసుకోవాలి. ఆదా అయిన నీటి ఖరీదు కంటే పోయిన మెంబ్రేన్ ఖరీదు ఎక్కువ కావచ్చు.

నాలుగింటిలో మొండిది బయోఫిల్మ్. నీళ్ళ తొట్టి గోడకు పట్టే పాకుడు ఇదే జాతిది. బాక్టీరియా పొర మీద అంటుకుని, తమ చుట్టూ జిగురును స్రవించుకుని, అందులో కాపురం పెడతాయి. మట్టిని 99.9 శాతం తీసేస్తే మిగిలిన కాస్త మట్టి కాస్తగానే ఉంటుంది. బాక్టీరియాను 99.9 శాతం చంపినా మిగిలినవి పెరుగుతాయి. చచ్చినవి కూడా బతికినవాటికి ఆహారమే.

ఏ రకం ఫౌలింగ్ వచ్చిందో మెంబ్రేన్ విప్పకుండా తెలుసుకోవచ్చా?

చాలావరకు తెలుసుకోవచ్చు, రోజూ లాగ్‌బుక్ రాస్తే. వరసగా మెంబ్రేన్లున్న ప్లాంటులో మట్టి, బయోఫిల్మ్ ముందుగా నీళ్ళు ఎక్కే మొదటి మెంబ్రేన్లను పడతాయి. గార చివరి మెంబ్రేన్లను పడుతుంది, ఎందుకంటే నీళ్ళు బాగా చిక్కబడేది అక్కడే. వెసెల్ (మెంబ్రేన్లు అమర్చిన గొట్టం) లోకి వెళ్ళే నీటి ప్రెషర్‌కీ బయటికి వచ్చే నీటి ప్రెషర్‌కీ మధ్య తేడా పెరిగితే నీటి దారిలో ఏదో అడ్డుపడుతోందని అర్థం. మొదటి స్టేజీలోనే ఆ తేడా పెరుగుతుంటే మట్టిని గానీ బయోఫిల్మ్‌ను గానీ అనుమానించండి. చివర్లో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) పెరుగుతూ ధార తగ్గుతుంటే గారను అనుమానించండి.

ఒక జాగ్రత్త. నీళ్ళు చల్లబడితే ధార దానంతటదే తగ్గుతుంది, ఒక డిగ్రీకి సుమారు 3 శాతం చొప్పున. పుష్యమాసం చలిలో ధార తగ్గిందని కంగారుపడి ఆసిడ్‌తో కడిగేవాళ్ళున్నారు. ముందు నీటి ఉష్ణోగ్రత చూడండి.

నానోకణాలు అంటే ఏమిటి? నీటిలోకి ఎక్కడి నుంచి వస్తాయి?

1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండే కణాలను నానోకణాలంటారు. పేరు కొత్తగా అనిపిస్తుంది గానీ నీటిలో ఇవి ఎప్పుడూ ఉన్నాయి. బంకమట్టి తునకలు, ఇనుప ఆక్సైడ్లు, సిలికా, అన్నీ ఈ సైజులో దొరుకుతాయి. మనిషి తయారు చేసినవి ఈ మధ్య తోడయ్యాయి. సన్‌స్క్రీన్లలోని టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్, వాసన రాకుండా కొన్ని బట్టలకు వాడే వెండి, ఇవి స్నానాల్లో, ఉతుకుల్లో మురుగునీటిలోకి చేరతాయి. అందువల్ల మురుగునీటిని మెంబ్రేన్‌తో శుద్ధి చేసి మళ్ళీ వాడుకునే చోట వీటి గురించి ప్రత్యేకంగా ఆలోచించాలి.

కంటికి కనిపించని కణం నీటిని ఎలా అడ్డుకుంటుంది?

అల్ట్రాఫిల్ట్రేషన్ పొరలో మూడు రకాలుగా. కణం రంధ్రం కంటే బాగా చిన్నదైతే లోపలికి దూరి గోడలకు అంటుకుని రంధ్రాన్ని ఇరుకు చేస్తుంది. రంధ్రమంత ఉంటే మూతలా బిగుసుకుపోతుంది. రంధ్రం కంటే పెద్దదైతే పైన మరో పొరగా పేరుకుంటుంది. కడిగితే తేలిగ్గా వదిలేది ఈ చివరిదే. ఆశ్చర్యం ఏమిటంటే పెద్ద మట్టిరేణువుల కంటే నానోకణాలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. పెద్దవి పేరుకున్నా వాటి మధ్య ఖాళీలు పెద్దవి, నీళ్ళు దాటిపోతాయి. నానోకణాల మధ్య సందులు కూడా నానోమీటర్లలోనే ఉంటాయి.

ఆర్వోలో సంగతి ఇంకొంచెం లోతుగా ఉంటుంది. ఉప్పు పొర దగ్గర ఆగిపోయి, తిరిగి ప్రధాన ప్రవాహంలోకి మెల్లగా వ్యాపించి వెళ్ళిపోవాలి. పొర మీద నానోకణాల దిబ్బ ఉంటే ఉప్పుకు ఆ తిరుగు దారి మూసుకుపోతుంది. పొరకు ఆనుకుని ఉప్పు గాఢత పెరుగుతుంది, దాంతో ఆస్మాటిక్ పీడనం (ఉప్పు నీటిని తన వైపు లాగే బలం) పెరుగుతుంది, పంపు ఇచ్చే ప్రెషర్‌లో కొంత దాన్ని ఎదుర్కోవడానికే సరిపోతుంది. అంటే దిబ్బ అడ్డుపడటం వల్ల జరిగే నష్టం కంటే, దాని వెనక ఉప్పు చిక్కుకోవడం వల్ల జరిగే నష్టం చాలాసార్లు ఎక్కువ. ధార తగ్గడంతో పాటు మంచినీటిలో టీడీఎస్ పెరగడానికి కూడా ఇదే కారణం. హోక్, ఎలిమెలెక్ అనే శాస్త్రవేత్తలు 2003లో దీన్ని వివరించాక, ఆర్వో ఫౌలింగ్‌ను చూసే పద్ధతే మారింది. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అందరికీ తెలియాల్సిన సంగతి ఇదే.

మా బోరు నీళ్ళు బాగా గట్టివి. దానికీ ఫౌలింగ్‌కీ సంబంధం ఉందా?

ఉంది, గార ఒక్కటే కాదు. మామూలు నీటిలో పాలీఅమైడ్ పొర మీద ఋణావేశం ఉంటుంది. మట్టి, సిలికా, సేంద్రియ పదార్థాలకూ ఎక్కువగా ఋణావేశమే కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, దూరంగా ఉంటాయి. గట్టి నీళ్ళలో ఎక్కువగా ఉండే కాల్షియం వచ్చిందంటే ఆ తోపుడు బలహీనపడుతుంది. పైగా రెండు ధనావేశాలున్న కాల్షియం అయాను ఒక చేత్తో పొరను, ఇంకో చేత్తో హ్యూమిక్ పదార్థాన్ని పట్టుకుని రెంటినీ కలిపేస్తుంది. అందుకే ఒకే మోతాదు మట్టి మెత్తటి నీటిలో కంటే గట్టి నీటిలో గట్టిగా అంటుకుంటుంది.

ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో ఇంకో విషయం చూసుకోవాలి. నెల్లూరు ప్రాంతంలో ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్య పత్రికలో రాశారు. నల్లగొండ పేరైతే ఆలం (పటిక), సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికే స్థిరపడిపోయింది. అలాంటి నీటిని ఆర్వోతో శుద్ధి చేస్తే ఫ్లోరైడ్ మాయమైపోదు, రిజెక్ట్‌లోకి చేరుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీటి నుంచి 75 శాతం తీస్తే రిజెక్ట్‌లో దాదాపు 12 మిల్లీగ్రాములుంటుంది. దాన్ని మళ్ళీ బోరు పక్కనే ఇంకుడు గుంతలోకి వదలడం తప్పు.

ఫౌలింగ్ వస్తుందో లేదో ముందే కొలిచే పరీక్ష ఏదైనా ఉందా?

సిల్ట్ డెన్సిటీ ఇండెక్స్, వాడుకలో ఎస్‌డీఐ. 0.45 మైక్రాన్ల ఫిల్టర్ కాగితం గుండా 30 పీఎస్ఐ ప్రెషర్‌తో నీళ్ళు పంపి, మొదట్లో ఎంత వేగంగా పోయాయో, 15 నిమిషాల తర్వాత ఎంత వేగంగా పోతున్నాయో పోల్చి చూస్తారు. విలువ 5 కంటే తక్కువ ఉండాలి, 3 లోపు ఉంటే నిశ్చింత. దీనికి ఒక లోటుంది. 0.45 మైక్రాన్ అంటే 450 నానోమీటర్లు. నానోకణాలు ఆ కాగితం గుండా హాయిగా దాటిపోగలవు. కాబట్టి ఎస్‌డీఐ బాగున్నా ఆర్వో మూసుకుపోవడం సాధ్యమే. ఆ కాగితం మీద మిగిలిన రంగు మాత్రం తప్పకుండా చూడండి. ఎర్రగా ఉంటే ఇనుము ఉందన్నమాట.

నానోకణాలే సమస్య అయితే వాటినే మెంబ్రేన్‌లో ఎందుకు కలుపుతున్నారు?

నీటిలో తేలే నానోకణం, పాలిమర్‌లో బిగించిన నానోకణం చేసే పనులు వేరు. మెంబ్రేన్లకు వాడే పాలిమర్లు నీటిని అంతగా ఇష్టపడవు. నూనె, ప్రోటీన్ వంటివి వాటికి తేలిగ్గా అంటుకుంటాయి. నీటిని ఇష్టపడే నానోకణాలను కలిపితే ఉపరితలం మీద నీటి అణువుల పలచని పొర నిలబడుతుంది, మురికి ఆ పొరను తోసుకుని రావడం కష్టమవుతుంది.

ఈ దారికి చిన్న చరిత్ర ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలిస్‌లో సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్ళిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి 1960 ప్రాంతంలో సెల్యులోజ్ ఎసిటేట్‌తో పనికొచ్చే ఆర్వో పొరను తయారు చేశారు. ఆ తర్వాత 1970లలో అమెరికా శాస్త్రవేత్త జాన్ కడాట్ పాలీఅమైడ్ పొరకు దారి చూపాడు. 2007లో అదే లాస్ ఏంజెలిస్ ప్రయోగశాలల్లో హోక్ బృందం ఆ పాలీఅమైడ్‌లో జియోలైట్ (సన్నని రంధ్రాలున్న ఖనిజం) నానోకణాలు కలిపి, నీటిని ఎక్కువగా వదిలే పొరను చూపించింది. దాన్ని మార్కెట్‌లోకి తెచ్చిన నానోహెచ్‌టూఓ కంపెనీని 2014లో ఎల్‌జీ కెమ్ కొనుక్కుంది. అంటే ఇది ప్రయోగశాలలో ఆగిపోయిన ఆలోచన కాదు, సముద్రపు నీటి ప్లాంటుల్లో వాడుతున్న సరుకు.

అయితే ఎక్కువ కలిపితే ఎక్కువ లాభం ఉండదు. ఒక హద్దు దాటాక నానోకణాలు ఉప్మాలో రవ్వ ఉండకట్టినట్టు ఉండలు కడతాయి. ఆ ఉండల చుట్టూ సన్నని సందులు ఏర్పడి ఉప్పు అందులోంచి జారిపోతుంది.

వెండి నానోకణాలు బాక్టీరియాను చంపుతాయి కదా, దాంతో బయోఫిల్మ్ సమస్య తీరిపోదా?

కొంతకాలం తీరుతుంది. వెండి నుంచి మెల్లగా విడుదలయ్యే అయాన్లు బాక్టీరియాను దెబ్బతీస్తాయి. కానీ విడుదలయ్యేది ఏదైనా ఒకనాటికి అయిపోతుంది. ఇంకో చిక్కు, మొదట చచ్చిన బాక్టీరియా, మట్టి కలిసి వెండి మీద కప్పేస్తే, పైన వచ్చిపడే బాక్టీరియాకు వెండి తగలదు. అందుకే వెండి పూసిన పొరకు కూడా క్లీనింగ్ తప్పదు.

టైటానియం డయాక్సైడ్ తనను తానే శుభ్రం చేసుకుంటుందట, నిజమా?

అతినీలలోహిత కాంతి పడితే నిజమే. ఆ కాంతిలో అది సేంద్రియ పదార్థాన్ని ముక్కలు చేస్తుంది. టైటానియం డయాక్సైడ్ కాంతి సాయంతో నీటిని విడగొడుతుందని జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా 1972లో ప్రచురించాక, కాంతిలో దాని చర్యల మీద అందరి దృష్టి పడింది. కానీ మన ఆర్వో మెంబ్రేన్ చుట్టలు చుట్టి ఫైబర్ వెసెల్ లోపల, కటిక చీకట్లో ఉంటుంది. అక్కడ ఆ గుణం పనిచేయదు, నీటిని ఇష్టపడే గుణం ఒక్కటే పనికొస్తుంది. కాంతి పడేలా డిజైన్ చేస్తే అదే చర్య పక్కనున్న పాలిమర్‌ను కూడా తినేసే ప్రమాదముంది. దీన్ని దాచి ‘సెల్ఫ్ క్లీనింగ్’ అని రాసే బ్రోచర్లను నమ్మకండి.

ఆ నానోకణాలు ఊడి తాగే నీటిలోకి వస్తాయా?

ఈ ప్రశ్న అడగడం మీ హక్కు. పైపైన పూసినవి ఊడే అవకాశం ఎక్కువ, పాలిమర్ లోపల బిగించినవి తక్కువ. జియోలైట్ వంటివాటి కంటే అయాన్లు విడుదల చేసే వెండి, రాగి విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం వెండి లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. నానో వెండి వాడామని చెప్పే ప్రతి కంపెనీ దగ్గరా ఉండాల్సింది విడుదల పరీక్ష రిపోర్టు. మొదటి రోజుది ఒక్కటే సరిపోదు, కొన్ని నెలలు వాడాక, ఆసిడ్‌తో కడిగాక తీసినది కావాలి.

బయోఫిల్మ్ రాకుండా క్లోరిన్ వేస్తే సరిపోదా?

ఆర్వోకు ముందు వేయొచ్చు, ఆర్వోలోకి పోనివ్వకూడదు. పాలీఅమైడ్‌ను క్లోరిన్ తినేస్తుంది, ఆ నష్టం ఏ క్లీనింగ్‌తోనూ తిరిగిరాదు. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ 200 నుంచి 1000 గంటలు తగిలితే చాలు, పొర దెబ్బతింటుంది. కార్బన్ ఫిల్టర్ గానీ సోడియం మెటాబైసల్ఫైట్ గానీ దాన్ని ముందే తీసేయాలి. పాతబడిన కార్బన్ ఫిల్టర్ స్వయంగా బాక్టీరియాకు ఇల్లవుతుందన్నది చాలామంది మరిచిపోయే విషయం.

ఎప్పుడు కడగాలి, దేనితో?

ఉష్ణోగ్రత తేడాను లెక్కలోకి తీసుకున్నాక ధార 10 నుంచి 15 శాతం తగ్గినప్పుడు, లేదా ప్రెషర్ తేడా 15 శాతం పెరిగినప్పుడు. సగానికి పడిపోయేదాకా ఆగితే మురికి గట్టిపడిపోయి వదలదు.

కాల్షియం కార్బొనేట్ గారకు సిట్రిక్ ఆసిడ్ వంటి ఆసిడ్. బయోఫిల్మ్‌కు, సేంద్రియ మురికికి కాస్టిక్ సోడా కలిపిన క్షార ద్రావణం. రెండూ ఉన్నాయనుకుంటే మామూలుగా క్షారం ముందు, ఆసిడ్ తర్వాత. ఆసిడ్ ముందు పోస్తే సేంద్రియ మురికి ఇంకా బిగుసుకోవచ్చు. రెంటినీ ఎప్పుడూ కలపకండి, మధ్యలో మంచినీటితో బాగా కడగండి. పీహెచ్, వేడి హద్దులు మెంబ్రేన్ కంపెనీ కాగితంలో రాసి ఉంటాయి, వాటిని దాటొద్దు. చేతి గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

ఫౌలింగ్ వల్ల పెద్ద ప్లాంటులు ఆగిపోయిన సందర్భాలున్నాయా?

2008 చివర్లో మొదలై 2009 దాకా అరేబియా గల్ఫ్, ఒమన్ సముద్రంలో నీటిని ఎర్రగా మార్చే సూక్ష్మ నాచు (రెడ్ టైడ్) విపరీతంగా పెరిగింది. యూఏఈ, ఒమన్‌లలో సముద్రపు నీటిని తాగునీరుగా మార్చే ప్లాంటులు కొన్ని మూసేయాల్సి వచ్చింది. తాగునీటికి ఆ ప్లాంటుల మీదే ఆధారపడే దేశాలవి, మన తెలుగువాళ్ళు లక్షల్లో బతుకుతున్న చోటు. నాచు కణాలతో పాటు అవి వదిలే జిగురు ఇసుక ఫిల్టర్లను, వాటి వెనక మెంబ్రేన్లను పట్టేసింది. అప్పటి నుంచి గాలిబుడగలతో నాచును పైకి తేల్చి తీసేసే పద్ధతికి, ఆర్వోకు ముందు అల్ట్రాఫిల్ట్రేషన్ పెట్టడానికి ప్రాధాన్యం పెరిగింది. గమనించండి, జవాబు మెంబ్రేన్‌లో దొరకలేదు, మెంబ్రేన్‌కు ముందు దొరికింది.

మన దగ్గర ఈ పరిశోధన జరుగుతోందా?

జరుగుతోంది. హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో మెంబ్రేన్ల మీద, కొత్త పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలో నానో వెండి పూసిన సిరామిక్ క్యాండిల్ ఫిల్టర్ల మీద పని జరిగింది. భావనగర్‌లోని ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ సీఎస్ఎంసీఆర్ఐ ఆర్వో పొరల్లో దేశానికి పాత చిరునామా. ఐఐటీ మద్రాసులో ప్రదీప్ బృందం ఆర్సెనిక్ తీసే అమృత్ ఫిల్టర్‌ను తయారు చేసింది. అది నానో ఇనుప పదార్థంతో పనిచేస్తుంది, అందులో ఆర్వో లేదు. నానో అనగానే మెంబ్రేనే అనుకోనక్కర్లేదు.

ఇంటికి ‘నానో’ అని రాసిన ఫిల్టర్ కొనాలా?

ముందు మీ నీటి పరీక్ష చేయించండి. టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండి, ఫ్లోరైడ్, నైట్రేట్ వంటివి లేకపోతే ఆర్వో అవసరమే ఉండకపోవచ్చు. అవసరమైతే, నానో అన్న మాటకు ఇచ్చే అదనపు డబ్బు కంటే సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్లను వేళకు మార్చడానికి పెట్టే డబ్బే మెంబ్రేన్‌ను ఎక్కువ కాలం కాపాడుతుంది.

నానోకణాలు కలిపిన మెంబ్రేన్ మీద ప్రాజెక్టు చేస్తున్నాం. ఏం కొలవాలి?

చాలా ప్రాజెక్టుల్లో ఒకే వరస కనిపిస్తుంది. పొర తయారీ, నీటిబొట్టు కోణం (బొట్టు పొర మీద ఎంత పరుచుకుంటుందో చెప్పే కొలత), శుద్ధమైన నీటితో ధార, ఒక ప్రోటీన్ ద్రావణంతో కొన్ని గంటల ఫౌలింగ్, చివర్లో ‘మెరుగుపడింది’ అన్న మాట. అది మొదటి అడుగు మాత్రమే. మీ ఊరి బోరు నీళ్ళు తెచ్చి పరీక్షించండి, అందులో కాల్షియం, సిలికా, ఇనుము అన్నీ ఉంటాయి. మామూలు పొరను, నానో పొరను పోల్చేటప్పుడు రెంటికీ ప్రెషర్ సమానం చేయడం కాదు, మొదటి ధార సమానం చేయండి. ఎక్కువ నీటిని వదిలే పొర మీదికి మురికి కూడా ఎక్కువగానే వస్తుంది కాబట్టి, ఇది చేయకపోతే పోలిక తప్పుతుంది. ఒకసారి ఫౌల్ చేసి ఆగకుండా, కడిగి మళ్ళీ ఫౌల్ చేసి, ప్రతిసారీ ఎంత ధార తిరిగొచ్చిందో రాయండి. కడిగిన నీటిలో మీరు కలిపిన లోహం ఎంత వచ్చిందో ల్యాబ్‌లో కొలిపించండి. కొలిస్తే సున్నా వచ్చినా, ఎక్కువ వచ్చినా, ఆ అంకెను రిపోర్టులో పెట్టండి.